నాయన చేసిన సారె

మా వైపు కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ, బిడ్డనెత్తుకుని మళ్లీ అత్తగారింటికి పోయేటప్పుడు చేతులూపుకుంటూ పోకూడదు. సారె పట్టుకుపోవాలి. కలిగినవాళ్లు అరిసెలు, లడ్డూలు గంపలకెత్తేవాళ్లు. మావంటి మెట్టసేద్యం వాళ్లు, గొర్రెలు కాచుకునేవాళ్లు బెల్లం చెనక్కాయలు చేసేవాళ్లు. పుస్తకాల్లో వేరుశనగ అని రాస్తారు. మా పావగడ తాలూకాలో ఆ మాటకు ఎవరికీ నోరు తిరగదు, మాకది చెనక్కాయే.

గింజలు దోరగా వేయించి, పొట్టు చెరిగి, ముదురు పాకంలో వేసి, శొంఠి, మిరియాలు, యాలకుల పొడి చల్లి, ఏ గింజకు ఆ గింజ విడిపోయేదాకా కలియబెట్టాలి. చెనక్కాయ పైత్యం చేస్తుంది కాబట్టి బాలింత ఉన్న ఇంట్లో శొంఠి, మిరియం ఒక పాలు ఎక్కువే పడేవి. ఈ సారెను అత్తగారు వీధిలో ఇంటింటికీ పంచుతుంది. ప్రతి ఇల్లూ నాలుగు గింజలు నోట్లో వేసుకుని, ఈ కోడలికి పుట్టింట్లో దిక్కుందా లేదా అని అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తుంది. ఎవరు పెట్టారో ఈ ఆచారం గానీ, తల్లి లేని పిల్లను తలచుకుని మాత్రం పెట్టలేదు.

నాకు తల్లి లేదు. ఆమె ముఖం కూడా నాకు సరిగా గుర్తు లేదు. నాగలమడిక దగ్గర, పినాకిని ఏటి ఒడ్డున ఒక చిన్న పల్లెలో నాయనే నన్ను పెంచాడు. గొర్రెల వెంట తిప్పుతూ, ఎండకు తన కంబళి కప్పుతూ పెంచాడు. జడ వేయడం ఆయనకు ఎంత ప్రయత్నించినా రాలేదు. నాకు పెళ్లయి మా తాలూకాలోనే అరసికెరె పక్కన పల్లెకు కాపురానికి పోయిన కొత్తలో, నాతో వచ్చిన సారె చూసి అక్కడి ఆడవాళ్లు పెదవి విరిచారు. అవి నాయన అంగట్లో కొన్న బొరుగుండలు, అంటే మరమరాల ఉండలు. తల్లి లేని పిల్ల, ఇంతకన్నా ఏం తెస్తుందిలే అన్నారు. గుమ్మం అవతల నిలబడిన నాయన ఆ మాట విన్నాడు.  మా నాయన అప్పటికప్పుడు అనే మనిషి కాదు, కడుపులో పెట్టుకునే మనిషి.

అందుకే నాకు కొడుకు పుట్టి, అత్తగారింటికి బయలుదేరే రోజు దగ్గర పడినప్పుడు సారె మాట ఆయనే ఎత్తాడు. అది పుట్టింటి చేయే చేయాలి, బయటివాళ్లు చేయకూడదు. ఇంట్లో ఉన్నది నేనూ నాయనా. ఎవరి సారె వాళ్లే వండుకోవడం అంటే అంతకన్నా నగుబాటు లేదు. ఇక మిగిలింది పక్కింటి అవ్వ. వరసకు నాయనకు చిన్నమ్మ, నాకు పురుడు పోసింది, పథ్యం పెట్టింది ఆమే. బెల్లం చెనక్కాయలు చేయడంలో మా పల్లెలో ఆమె తర్వాతే ఎవరైనా. కానీ మొగుడు పోయిన మనిషి. ఆమె చెయ్యి సారెకు తగలకూడదు.

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. నా బిడ్డను మొదట పట్టుకున్న చేతులవి. బిడ్డకు లేని దోషం బెల్లానికి వచ్చిందా? పెరటి గోడ దగ్గర నిలబడి ఆమెతో పోట్లాడాను. లోపలికి వచ్చి చెయ్యి అవ్వా, ఎవరు చూస్తారు అన్నాను. ఆమె గోడ మీద రెండు చేతులూ పెట్టి నిమ్మళంగా చెప్పింది.

"ఎవురూ చూడకపోయినా నాకు తెలుస్తాది కదమ్మా. రేప్పొద్దున నీ బిడ్డకు జరం వచ్చినా, నా చెయ్యి తగిలే వచ్చింది అనుకుంటా. అట్ల అనుకుంటా నేను బతకలేను."

 అంతా విన్న నాయన గొర్రెల దొడ్డి తడిక కట్టడం ఆపి లేచి వచ్చాడు. సారె నేనే చేస్తా అన్నాడు. అవ్వ నోరు నొక్కుకుంది. మగవాడు సారె చేయడం మా తాలూకాలో కాదు గదా, మైసూరు రాజ్యం మొత్తంలో ఎవరూ విని ఉండరు. నీకు గంజి కాచడం తప్ప ఏమొచ్చప్పా అంది. నువ్వు చెప్పు చిన్నమ్మా, నేను చేస్తా, నోటికి దోషం లేదు కదా అన్నాడు నాయన. మొండివాడు రాజు కన్నా బలవంతుడు అని ఊరికే అనలేదు. నీ ముందర మహారాజు కూడా దిగదుడుపేప్పా అని అవ్వ గొణిగి, సరే, పెరట్లోనే పొయ్యి పెట్టు, ఈడ నిలబడి చెప్తాను అంది.

కాయలు ఒలవడం తేలికగానే అయింది. గొర్రెల వెంట పోతూ కంబళి కొసలో కాయలు మూటగట్టుకుని, అవి మేస్తుంటే ఈయన ఒలుచుకునేవాడు. సాయంత్రానికి గింజలు తెచ్చి నా ముందు చేటలో పోసేవాడు. నేను పుచ్చులు ఏరవచ్చా అని అడిగితే అవ్వ ఆలోచించి, ఏరితే తప్పు లేదు, పొయ్యి మీదికి పోయినాక ముట్టకూడదు అని తీర్పు ఇచ్చింది. ఆచారాలకు ఆమే మాకు మేజిస్ట్రేటు.

గింజలు వేయించడానికి ఇసుక కావాలి. బాండలిలో ఇసుక కాగబెట్టి అందులో గింజలు వేస్తే మాడకుండా అన్ని వైపులా ఒకేలా వేగుతాయి. ఏటి ఇసుక తెచ్చుకో అని అవ్వ చెప్పింది. పక్కనే ఏరు ఉన్నప్పుడు ఇసుక గురించి అంతకన్నా చెప్పేదేముంటుంది అనుకుంది పాపం. నాయన పోయి తెల్లగా, పిండిలాగా సన్నగా ఉన్న ఇసుక తెచ్చాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. గింజలు వేగాయి, రంగు తిరిగాయి, జల్లెడ పట్టి నలిపితే పొట్టు రాలింది. నాయన ముఖం వెలిగిపోయింది. రుచి చూడమని నాలుగు గింజలు గోడ మీదుగా అవ్వ చేతిలో పోశాడు.

అవ్వ నోట్లో వేసుకుని, అటు తిరిగి తుపుక్కున ఊసింది. ఇదేందప్పా, చాకలోళ్ల చౌడు వేయించినావా అంది. నేనూ ఒకటి నమిలి చూశాను. సబ్బు నాకినట్టు ఉంది. నిజంగానే అది చౌడు ఇసుక, ఏటి వారన నీళ్లు ఇంకిపోయిన చోట పొంగే ఉప్పు ఇసుక. ఎందుకు తెచ్చావంటే నాయన చెప్పిన కారణం విని అవ్వ గోడ పట్టుకుని నవ్వింది. తన గొర్రెలన్నీ రోజూ పోయి ఆ ఇసుకనే నాకుతాయట. గొర్రె నోరు పెట్టిన గడ్డిలో విషం ఉండదు, గొర్రె తాగిన గుంటలో చెడునీళ్లు ఉండవు, నలభై ఏళ్లుగా ఆయన బతుకంతా ఆ నమ్మకం మీదే నడిచింది. కాబట్టి గొర్రెలు ఎంచుకున్న ఇసుకే మంచి ఇసుక అనుకున్నాడు.

గొర్రెలకు ఉప్పు కావాలప్పా, అందుకు నాకుతాయి, నువ్వు గొర్రెవా అని అడిగింది అవ్వ. నేను బిడ్డను ఒళ్లో పెట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. నాయన మాత్రం నవ్వలేదు. గంపెడు గింజలు పాడైపోయాయి. వాటిని తీసుకుపోయి దొడ్డిలో పోశాడు. గొర్రెలు లొట్టలేసుకుంటూ తిన్నాయి.

మర్నాడు ఏటి నడుమకు పోయి, పారిన నీళ్లు కడిగిన గరుకు ఇసుక తెచ్చి, మూడుసార్లు కడిగి ఎండబెట్టాడు. ఈసారి వేపుడు బాగా కుదిరింది. పాకం దగ్గర దెబ్బ తిన్నాడు. ముదురు పాకం అంటే నీళ్ల గిన్నెలో చుక్క వేసి, గట్టిపడిన ఆ ఉండను పళ్లెం మీద కొడితే టంగుమనాలి. ఆయన తొందరపడి ముందే దించేశాడు. గింజలన్నీ ఒకదానికొకటి అంటుకుని, జిగురుగా సాగుతూ ఒక ముద్దగా మిగిలిపోయాయి. దాన్ని వేడి మీదే విడదీయబోయి వేళ్లు కాల్చుకున్నాడు. రెండు వేళ్ల మీద తోలు లేచిపోయింది. నేను ఏడ్చాను. చాల్లే నాయనా, మళ్లీ బొరుగుండలే కొనుక్కుందాం, ఎవరేమనుకుంటే నాకేంటి అన్నాను. ఆయన వేళ్లకు వెన్న రాసుకుంటూ నా వైపు చూడనైనా చూడలేదు.

ఇక ఇంట్లో చెనక్కాయలు అయిపోయాయి. ఆ ఏడు వాన సగమే పడింది, పంటా సగమే. మిగిలింది విత్తనానికని బానలో పోసి మూతికి పేడమట్టి మెత్తిన కాయలు మాత్రమే. నాయన ఆ బాన దించి, మూతి మీద మట్టిని కొడవలితో గీకుతుంటే అవ్వ గోడ అవతల నుంచి నిజంగా గొంతు పెంచింది. విత్తనం కాయ తిన్న ఇల్లు బాగుపడదు, ఆగమంది. నేనూ అడ్డుపడ్డాను. నాయన ఆగి మా ఇద్దరికీ కలిపి ఒకే జవాబు చెప్పాడు.

"పైరు ఈ యేడు పోతే వచ్చే యేడు వస్తాది. నా కూతురు ఆ ఊర్లో తల వంచుకుంటే మల్లా ఎత్తేదెట్ల?"

 అవ్వ ఎగతాళి మానేసి, గోడ మీదికి వంగి, పొయ్యిలో ఏ కట్టె లాగాలో, ఏ కట్టె తోయాలో ఒక్కొక్కటీ చెప్పింది. పాకం టంగుమన్నది. గింజలు పడ్డాయి, శొంఠి పొడి పడింది, నాకు తుమ్ములొచ్చాయి. బాండలి దించి నాయన తెడ్డుతో తిప్పడం మొదలుపెట్టాడు. ఇక్కడే మామూలు ఆడవాళ్ల రెక్కలు ఓడిపోతాయి. ఆపితే ముద్ద కడుతుంది, ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. నాయన గొర్రెల బొచ్చు కత్తిరించిన చేతులతో తిప్పాడు. కాలిన వేళ్లకు గుడ్డ చుట్టుకుని, పళ్లు బిగించి తిప్పాడు. కాసేపటికి పాకం పొడిబారి, గింజలు ఒకదాన్నొకటి వదిలేసి, బాండలిలో గలగలమని దొర్లసాగాయి. ఏ గింజ బెల్లం దానికే ఉంది. అవ్వ ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. మీ అమ్మ కూడా ఇట్ల చేయలేదమ్మా అని నాతో అంది. నాయన అటు తిరిగి, పొయ్యిలో కట్టెలు ఆర్పుతూ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

కొత్త గంపలో మోదుగాకులు పరిచి సారె నింపాము. పైన నాయన ఉతికిన పంచె కప్పాడు. పావగడ సంతకు పోతున్న ఒక ఎద్దులబండిలో నేనూ బిడ్డా గంపా కూర్చుంటే, ఆయన కర్ర పట్టుకుని బండి పక్కన నడిచాడు. ఊరు దగ్గర పడుతుంటే, ఎవరు చేసినారు అని అడిగితే అవ్వ పేరు గానీ నా పేరు గానీ చెప్పొద్దు, ఎవరో పెద్దమ్మ వచ్చి చేసిపోయింది అని చెప్పు అన్నాడు. నేను ఊఁ అనలేదు.

బండి మమ్మల్ని దించి సంతకు పోయింది. నా మొగుడు చేని మీద ఉన్నాడు, ఇంట్లో అత్త ఒక్కతే ఉంది. మనవడికి దిష్టి తీసింది, నాయనకు చెంబుతో నీళ్లిచ్చింది. మా అత్త చెడ్డ మనిషి కాదు. నలుగురు బిడ్డలను మట్టిలో పెట్టి ఒక్క కొడుకును దక్కించుకున్న తల్లి. ఆమెకు ప్రతిదానికీ భయమే. గంప మీద పంచె తీసి వాసన చూసి, ఘుమఘుమలాడతా ఉండాయే అని ముఖం విప్పార్చుకుంది. అంతలోనే అడిగింది, మీ ఇంట్లో ఆడోళ్లు ఎవురూ లేరు కదా, ఎవురు చేసినారు అని.

నాయన నేల చూపులు చూశాడు. నేను మా నాయన చేసినాడు అని చెప్పాను.

ఆమె గంప మీద పంచె మళ్లీ కప్పేసింది. కోపంగా కాదు, భయం భయంగా కప్పింది. తర్వాత నాయనతో అంది.

"తప్పుగా అనుకోవద్దన్నా. ముత్తైదు చెయ్యి తగలని సారె పసిబిడ్డ పేరుతో ఎట్ల పంచేది? నాకు ఉండే మనవడు వీడొక్కడే. ఇంట్లో బొరుగులుండాయి, బెల్లముండాది. అవే మీ పేరు చెప్పి పంచుతాలే."

ఆమె గంపను ఎత్తి లోపల అటక మీద పెట్టింది. నాయన నీ ఇష్టం తల్లీ అన్నాడు. నీళ్లు తాగకుండానే చెంబు కింద పెట్టి, కంబళి భుజాన వేసుకుని, గొర్రెలను ఒంటరిగా వదిలిపెట్టి వచ్చినానని ఏదో చెప్పి, మనవడి తల ఒక్కసారి నిమిరి బయటికి నడిచాడు. గుడ్డ చుట్టిన ఆయన వేళ్లను అత్త చూడనే లేదు. నేను చూశాను.

నాకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు. ఉండాల్సిన చోట ఉంటే కోపం కూడా మంచిదే. బిడ్డను తీసుకుపోయి అత్త ఒళ్లో పెట్టాను. అటక మీద గంప దించి చంకలో పెట్టుకున్నాను. ఏంది నువ్వు చేసేది అని అడిగింది. చేతిలో పసివాడు ఉన్నాడు కాబట్టి లేచి నన్ను పట్టుకోలేదు.

"ముత్తైదు చెయ్యి తగల్లేదంటివి కదత్తా. నేను ముత్తైదును కానా? ఇదో, తగిలింది. నేనే పంచొస్తా."

కోడలు తన సారె తానే పంచడం ఆ వీధి పుట్టాక జరగలేదు. మొదటి ఇంటామె చేయి చాపకుండా మా ఇంటి వైపు చూసింది. మా నాయన చేసిన సారె, తీసుకో అక్కా అని నేనే ఆమె అరచేతిలో పోశాను. ఆమె నమిలేదాకా నేను గుమ్మంలో నుంచి కదల్లేదు. నమిలింది. కనుబొమలు పైకి లేచాయి. మొగోడు చేసినాడా ఇది అని అడిగి, ఈసారి కొంగు పట్టింది.

ప్రతి గుమ్మంలోనూ అదే మాట చెప్పాను. పుట్టింటి సారె అనలేదు, నాయన చేసిన సారె అన్నాను. ఒక ఇంట్లో పళ్లులేని తాత తన వంతు రోట్లో దంచి పెట్టమని కోడలిని కేకేశాడు. ఒకామె శొంఠి బాగా తగిలిందని, పాకం ఎట్లా పట్టాడో అడిగి చెప్పమంది. మాట నాకన్నా ముందు పరుగెత్తింది కాబోలు, వీధి సగానికి వచ్చేసరికి ఆడవాళ్లు గుమ్మాల్లోనే చేటలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నా భయమంతా ఇప్పుడు గంప మీదికి మళ్లింది. దోసెళ్లు పిడికిళ్లయ్యాయి. పిడికిళ్లు చిటికెలయ్యాయి. చివరి ఇంటామెకు గింజలు వేళ్ల మీద లెక్కపెట్టినట్టు పడ్డాయి, ఇంతేనా అని ఆమె మూతి ముడిచింది.

ఆ ఇల్లు దాటితే బండ్ల బాట. బాట మీద దూరంగా నాయన కాళ్లీడ్చుకుంటూ పోతున్నాడు, వంగిన వీపు మీద నల్ల కంబళి కనిపిస్తోంది. ఊరి కోడలు బజారులో గొంతెత్తకూడదు. ఎత్తాను.

"నాయనా! సారె చాల్లేదు!"

ఆయన నిలబడిపోయాడు. వినపడలేదేమో, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఊరంతా అడుగుతాండారు, చాల్లేదు అని మళ్లీ అరిచాను. ఆయన అట్లాగే నిలబడి ఉన్నాడు, ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు.

అప్పుడు నా వెనక పసివాడి ఏడుపు వినిపించింది. అత్త బిడ్డను చంకనేసుకుని, ఆయాసపడుతూ వీధి పొడుగునా నా వెంటపడి వచ్చింది. తిడుతుందనుకుని నేనూ నోరు సిద్ధం చేసుకున్నాను. ఆమె తిట్టలేదు. ఇంటింటి ముందరా చేటలు పట్టుకుని నములుతున్న ఆడవాళ్లను దాటుకునే వచ్చింది కదా. ఖాళీ గంపలోకి తొంగి చూసింది. అడుగున మోదుగాకుల మీద రాలిన బెల్లం పొడి మాత్రం మిగిలింది. వేలు తడి చేసుకుని దానికి అద్ది నాలుక మీద పెట్టుకుంది. కాసేపు చప్పరించింది. బాట మీది నాయన వైపు చూసింది, మనవడి వైపు చూసింది.

మళ్లీ అదే వేలు పొడిలో అద్ది, వాడి పెదాలకు రాసింది.

వాడు ఏడుపు మాని చప్పరించాడు. నాయన కర్ర చంకలో పెట్టుకుని వెనక్కి నడిచి వచ్చాడు.